మీకు తెలుసా? పేరు బయటికి రాకముందే ముగిసిన ఆట

నెట్‌ఫ్లిక్స్ అంటే సినిమాలు, వెబ్ సిరీస్‌లే గుర్తొస్తాయి. ఆ సంస్థే భారీ బడ్జెట్ వీడియో గేమ్ తయారుచేద్దామని బయల్దేరి, రెండేళ్లకే చేతులెత్తేసిన సంగతి చాలామందికి తెలియదు. తెలియని వ్యాపారంలో డబ్బు కుమ్మరించడం, ఫలితం తేలకముందే సర్దుకుని వెళ్లిపోవాలనుకోవడం కోలారు బంగారు గనుల (కేజీఎఫ్) నేలకు కొత్త కాదు. నూట నలభై ఏళ్ల కిందటే ఈ నేల ఆ తంతు చూసింది. ఓటీటీ ఆట కథనూ, కేజీఎఫ్ కథనూ పక్కపక్కన పెట్టి చదివితే తెలిసే విషయాలు ఇవి.

ఓటీటీలో ఆటలు ఎప్పుడొచ్చాయి?

2021 నవంబరులో నెట్‌ఫ్లిక్స్ ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం ఐదు చిన్న ఆటలు విడుదల చేసింది. చందా కట్టినవాళ్లు అదనంగా పైసా ఇవ్వక్కర్లేదు. మధ్యలో ప్రకటనలూ రావు. ఆ రోజుల్లోనే సంస్థ చకచకా గేమ్ స్టూడియోలు కొనడం మొదలుపెట్టింది. 2021లో నైట్ స్కూల్ స్టూడియో, 2022లో ఫిన్లాండ్‌కు చెందిన నెక్స్ట్ గేమ్స్, అమెరికాలోని బాస్ ఫైట్, స్ప్రై ఫాక్స్ దాని చేతికొచ్చాయి. ఒక్క నెక్స్ట్ గేమ్స్ కోసమే దాదాపు 6.5 కోట్ల యూరోలు వెచ్చించింది.

మరి జనం ఆడారా? 2022 ఆగస్టులో యాప్‌టోపియా అనే విశ్లేషణ సంస్థ ఒక అంచనా వెలువరించింది. అప్పటికి నెట్‌ఫ్లిక్స్ చందాదారులు 22 కోట్లు. ఆ ఆటలు ఆడుతున్నది రోజుకు సగటున 17 లక్షల మంది. అంటే నూటికి ఒక్కరు కూడా లేరు.

'ట్రిపుల్ ఏ' గేమ్ అంటే ఎంత ఖర్చు?

గేమ్ పరిశ్రమలో అత్యంత భారీ బడ్జెట్‌తో తయారయ్యే వాటిని ట్రిపుల్ ఏ గేమ్‌లంటారు. వాటి లెక్కలు సాధారణంగా బయటికి రావు. 2023లో అమెరికాలో నడిచిన ఒక కేసులో సోనీ సమర్పించిన పత్రాల వల్ల కొన్ని బయటపడ్డాయి. 'ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' ఆటకు దాదాపు 22 కోట్ల డాలర్లు ఖర్చయింది. అప్పటి మారకంలో చూస్తే సుమారు 1,800 కోట్ల రూపాయలు. పూర్తికాలం పనిచేసినవాళ్లు దాదాపు 200 మంది. ఈ స్థాయి ఆటలకు ఐదారేళ్లు పట్టడం మామూలే.

అంత కాలం ఎందుకు? ఆటలో ఒక గని సొరంగం ఉంది, అందులో గోడకు ఒక లాంతరు వేలాడుతోంది అనుకోండి. దాని ఆకారం చెక్కేది ఒకరు. ఇనుప పిడికి తుప్పు మరక, అద్దానికి మసి పట్టించేది ఇంకొకరు. వెలుతురు తడిగోడ మీద ఎలా పడాలో చూసేది మరొకరు. ఆటగాడి భుజం తగిలితే అది ఊగాలి, కిర్రుమనాలి, పగిలితే చీకటి కమ్ముకోవాలి. ఒక్కో పనికి ఒక్కో మనిషి. అన్నీ కుదిరాక పరీక్షించేవాళ్లు వచ్చి, ఈ లాంతరు వల్ల ఆట నెమ్మదిస్తోందని చెబితే మళ్లీ మొదటికి. ఒక్క లాంతరుకే ఇంత పని ఉంటే, ఆట మొత్తంలో ఇలాంటి వస్తువులు వేలల్లో ఉంటాయి.

'టీమ్ బ్లూ'లో ఎవరెవరున్నారు?

2022 అక్టోబరులో నెట్‌ఫ్లిక్స్ గేమ్స్ విభాగం అధిపతి మైక్ వెర్డు దక్షిణ కాలిఫోర్నియాలో కొత్త స్టూడియో పెడుతున్నట్టు ప్రకటించారు. సారథి చాకో సానీ. ప్రపంచమంతా ఆడిన 'ఓవర్‌వాచ్' ఆటకు ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్‌గా పనిచేసిన వ్యక్తి. 2023లో 'హేలో' ఆటల కథకుడిగా పేరున్న జోసెఫ్ స్టేటెన్, 'గాడ్ ఆఫ్ వార్' ఆర్ట్ డైరెక్టర్ రఫాయెల్ గ్రసెట్టి వచ్చి చేరారు. ఈ రంగంలో తలపండినవాళ్లను ఏరి కూర్చిన జట్టు అది. ఏ పాత సినిమా ఆధారమూ లేకుండా, సొంత కథతో ట్రిపుల్ ఏ గేమ్ తీయడమే వాళ్ల పని. లోపల దాన్ని టీమ్ బ్లూ అని పిలిచేవారు.

విడుదల మాట దేవుడెరుగు, ట్రైలరైనా వచ్చిందా?

రాలేదు. 2024 అక్టోబరులో స్టూడియో మూతపడింది. సానీ, స్టేటెన్, గ్రసెట్టి ముగ్గురూ సంస్థను వీడారు. ఆట పేరు గానీ, ఒక్క దృశ్యం గానీ జనం చూడలేదు. అప్పటికి నెట్‌ఫ్లిక్స్‌కు డబ్బు కొరతా లేదు. ఆ ఏడాది చివరికి చందాదారుల సంఖ్య 30 కోట్లు దాటింది.

మారింది సంస్థ ఆలోచన. 2024 జులైలో ఎపిక్ గేమ్స్ నుంచి వచ్చిన అలాన్ టస్కాన్ గేమ్స్ విభాగం పగ్గాలు చేపట్టారు. ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని ఫోన్‌నే రిమోట్‌గా వాడుకుని ఆడే ఆటలు, పిల్లల ఆటలు, సొంత సిరీస్‌ల మీద అల్లిన ఆటలు ముందుకొచ్చాయి. 2024 డిసెంబరులో వచ్చిన 'స్క్విడ్ గేమ్: అన్‌లీష్డ్' ఆ కోవలోదే. దాన్ని తయారుచేసిన బాస్ ఫైట్ స్టూడియోను కూడా 2025లో మూసేశారు.

ఇది నెట్‌ఫ్లిక్స్ ఒక్కదానికే జరిగిందా?

కాదు. గూగుల్ తన స్టేడియా సేవ కోసం 2019లో సొంత గేమ్ స్టూడియోలు మొదలుపెట్టి, 2021 ఫిబ్రవరి 1న మూసివేత ప్రకటించింది. స్టేడియా కూడా 2023 జనవరి 18న ఆగిపోయింది. ప్రైమ్ వీడియో నడిపే అమెజాన్ ఏళ్ల తరబడి శ్రమించి 2020 మేలో 'క్రూసిబుల్' ఆట విడుదల చేసింది. ఆడేవాళ్లు లేక కొన్ని వారాల్లోనే వెనక్కి తీసుకుంది. ఆ నవంబరులో సర్వర్లే ఆపేసింది. వీడియో చూపించడంలోనూ, సాఫ్ట్‌వేర్ నడపడంలోనూ ఆరితేరిన సంస్థలకు కూడా ఆట తయారీ వేరే విద్య అని ఈ మూడు అనుభవాలూ చెబుతున్నాయి.

మన బాహుబలికీ ఈ గతి పట్టిందని తెలుసా?

2018లో నెట్‌ఫ్లిక్స్ 'బాహుబలి: బిఫోర్ ద బిగినింగ్' అనే సిరీస్ ప్రకటించింది. ఆనంద్ నీలకంఠన్ రాసిన శివగామి నవల దానికి ఆధారం. నిర్మాణం ఆర్కా మీడియా వర్క్స్‌ది. దర్శకులు దేవ కట్టా, ప్రవీణ్ సత్తారు. షూటింగ్ జరిగింది, నటీనటులు మారారు, దర్శకులు మారారు. సిరీస్ మాత్రం తెర మీదికి రానేలేదు. తమకు బాగా తెలిసిన సిరీస్‌ల రంగంలోనే ఇలా జరిగినప్పుడు, తెలియని ఆటల రంగంలో తడబడటం వింతేమీ కాదు.

ఇంకోవైపు చూడండి. 2017లో బెంగళూరులోని మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ అదే బాహుబలి కథతో మొబైల్ గేమ్ తయారుచేసి జనం చేతికిచ్చింది. అది ఫోన్‌కు సరిపడే ఆట. ఆ సంస్థ చేస్తూ వచ్చిన పని కూడా ఫోన్ ఆటలే.

కోలారులో ఇలాంటిది ఎప్పుడు జరిగింది?

1875లో మైకేల్ లావెల్ అనే మాజీ సైనికుడు మైసూరు సంస్థానం నుంచి కోలారులో గనుల తవ్వకానికి అనుమతి పొందాడు. ఒక్కడివల్ల అయ్యే పని కాదని తేలి, ఆ హక్కు ఇతరుల చేతికి పోయింది. 1880 ప్రాంతంలో దక్షిణ భారతం బంగారం పేరుతో లండన్‌లో కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. వయనాడ్ అడవుల్లో యంత్రాలు దించారు, బంగళాలు కట్టారు. రాతిలో ఎంత బంగారముందో సరిగా చూసుకోకుండానే వాటాలు అమ్ముకున్నారు. కొన్నేళ్లకే ఆ కంపెనీలు కుప్పకూలాయి.

కోలారులోనూ అదే పరిస్థితి వచ్చింది. మైసూర్ గని కంపెనీ సొమ్ము దాదాపు హరించుకుపోయింది. ఉన్న కాస్తా పంచుకుని మూసేద్దామన్న మాట వాటాదారుల్లో వచ్చింది. నిర్వాహకుడు జాన్ టేలర్ వద్దన్నాడు. ఆయన మాట మీద మిగిలిన కొద్ది సొమ్మునూ గనిలోనే పెట్టారు. కెప్టెన్ ప్లమర్‌ను పంపారు. పూర్వం స్థానికులు తవ్వి వదిలేసిన పాత గుంతల అడుగుకు దిగితే ఛాంపియన్ రీఫ్ దొరికింది.

ఆ ఒక్క నిర్ణయం విలువెంత?

ఆ రీఫ్‌ను పట్టుకుని మైసూర్, ఛాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గ గనులు నూరేళ్లకు పైగా నడిచాయి. మొత్తం మీద 800 టన్నుల దాకా బంగారం తీశారు. గనుల కోసమే 1902లో కావేరి మీది శివసముద్రం నుంచి దాదాపు 150 కిలోమీటర్ల తీగ లాగి కరెంటు తెచ్చారు. తవ్వకం నేలకింద 3 కిలోమీటర్ల లోతు దాటింది. అక్కడ రాయి వేడి 60 డిగ్రీలకు పైనే. ఆ వేడిలో, ఎప్పుడు రాయి పేలుతుందో తెలియని చోట పనిచేసింది చిత్తూరు, ఉత్తర ఆర్కాటు, కోలారు పల్లెల నుంచి వచ్చిన తెలుగు, తమిళ, కన్నడ కూలీలు. 1965లో వాతావరణ న్యూట్రినోల జాడ పట్టిన తొలి ప్రయోగాల్లో ఒకటి జరిగిందీ ఇక్కడి ఛాంపియన్ రీఫ్ గనిలోనే.

అంటే ఓపిక పడితే చాలా?

చాలదు. వయనాడ్‌లో ఎంత ఓపిక పట్టినా నష్టమే మిగిలేది. కోలారులో టేలర్ గుడ్డిగా ఎదురుచూడలేదు. పూర్వీకుల గుంతలు ఆధారం చూపించాయి, వాటిని చదవగల మనిషి దొరికాడు, ఆ మనిషికి గడువు దొరికింది. నెట్‌ఫ్లిక్స్ దగ్గర మొదటి రెండూ ఉన్నాయి. ఆటల మార్కెట్ ఉందని తెలుసు, దాన్ని ఎరిగిన నిపుణులూ ఉన్నారు. ఇవ్వనిది మూడోదే. ఐదారేళ్ల పనికి రెండేళ్లు ఇవ్వడమంటే సగం కూడా తవ్వక ముందే గనికి తాళం వేయడం. ఆ ఆట ఆడేదో లేదో ఎవరూ చెప్పలేరు గానీ, అది ఓడిపోయి ఆగిపోలేదు. దానికి బరిలోకి దిగే అవకాశమే రాలేదు.

ఆటల పరిశ్రమకు, మన కోలారు జిల్లాకు ఏం సంబంధం?

మొదట ఫోన్. నెట్‌ఫ్లిక్స్ ఆటలు ఫోన్లలోనే పుట్టాయి. కోలారు జిల్లా నరసాపురంలో తైవాన్ కంపెనీ విస్ట్రాన్ పెట్టిన ఫ్యాక్టరీలో ఐఫోన్లు తయారవుతాయి. 2020 డిసెంబరులో జీతాల విషయమై కార్మికుల ఆగ్రహం బద్దలైంది అక్కడే. 2023లో విస్ట్రాన్ దాన్ని టాటా ఎలక్ట్రానిక్స్‌కు 12.5 కోట్ల డాలర్లకు అమ్మి వెళ్లిపోయింది.

రెండోది బెంగళూరు. 1997లో రాజేశ్ రావు అక్కడ ధ్రువ ఇంటరాక్టివ్ స్థాపించారు. మన దేశపు తొలి గేమ్ స్టూడియోల్లో అదొకటి. సొంతంగా భారీ ఆట తీస్తామని హడావుడి చేయకుండా, 'ఫోర్జా' లాంటి పెద్ద ఆటలకు కార్ల బొమ్మలు గీసిపెడుతూ పనిలో ఆరితేరింది. ఇరవై రెండేళ్ల తర్వాత, 2019లో, జీటీఏ ఆటలు చేసే రాక్‌స్టార్ దాన్ని కొనుక్కుంది. 2023 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ తన చందాదారులకు అందించిన పేరున్న ఆటలు ఆ జీటీఏలే. సొంతంగా తీయబోయిన ట్రిపుల్ ఏ గేమ్ వెలుగు చూడలేదు. ఇతరులు ఏళ్ల తరబడి తీసినవే అక్కరకొచ్చాయి.

మూసివేత భారం ఎవరి మీద పడుతుంది?

నెట్‌ఫ్లిక్స్ వ్యాపారానికి టీమ్ బ్లూ పెద్ద దెబ్బేమీ కాదు. ఉద్యోగం పోయినవాళ్లకు మాత్రం చేసిన పనిని చూపించుకునే వీలైనా లేదు. విడుదల కాని ఆట సంస్థ రహస్యంగానే ఉండిపోతుంది. మనకూ ఇది దగ్గరి అనుభవమే. 2025 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌కు చెందిన టెక్నికలర్ కుప్పకూలినప్పుడు బెంగళూరులో గ్రాఫిక్స్ కళాకారులు వేల సంఖ్యలో రోడ్డున పడ్డారు. 2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ మూతపడిన రోజు కేజీఎఫ్ ఇళ్లల్లో ఏం జరిగిందో ఇక్కడివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇవాళ మారికుప్పంలో రైలెక్కి, బంగారుపేట మీదుగా బెంగళూరుకు పనికి వెళ్లే కుర్రకారులో గేమ్ డిజైన్, యానిమేషన్ నేర్చుకుంటున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఒక్క మాట. ఉద్యోగంలో చేరేముందు కంపెనీ బోర్డు ఎంత పెద్దదని కాదు, అది ఇంతవరకు ఎన్ని ఆటలు పూర్తిచేసి విడుదల చేసిందో అడగండి. ఎంత చిన్నదైనా సరే, మీరే తయారుచేసి జనం చేత ఆడించిన ఆట ఒకటి మీ పేరు మీద ఉంచుకోండి. కంపెనీలు మూతపడినా ఆ పని మీదే, దాన్ని చూపించే మరో చోట నిలబడగలరు.