షూట్ ఎక్కడ?

వరంగల్ రహదారి మీది మా మేడిపల్లిలో ఇప్పుడు నికాహ్ తేదీ ఖరారు కాగానే వినిపించే మాట, షూట్ ఎక్కడ అని. చార్మినార్ వద్దనా, దుర్గం చెరువు తీగల వంతెన వద్దనా, కుతుబ్‌షాహీ సమాధుల వద్దనా? జనం రాకముందే చార్మినార్ ముందు నిలబడాలని చీకటితోనే బయలుదేరుతారు. ఫజ్ర్ నమాజ్ సంగతి ఎవరూ అడగరు! సమాధుల ప్రాంగణంలో ఉన్నవి నిజమైన ఖబ్ర్‌లే. అక్కడ సలాం చెప్పి దుఆ చేయాలి గాని భంగిమలు పెట్టడమేమిటి?

2023 సెప్టెంబరులో హైదరాబాద్‌కు చెందిన ఒక పోలీసు జంట పెళ్లికి ముందు తీయించుకున్న వీడియో పెద్ద చర్చ అయింది. అప్పటి కమిషనర్ సి.వి. ఆనంద్ వారికి శుభాకాంక్షలు చెబుతూనే, శాఖ వాహనాలను, చిహ్నాలను అనుమతి లేకుండా వాడుకోవడం సరికాదన్నారు. అది శాఖకు సంబంధించిన మర్యాద. మన ఇళ్లలోని ప్రశ్న వేరు. నిశ్చితార్థం జరిగినా, నికాహ్ అయ్యేవరకు వారిద్దరూ ఒకరికొకరు నామహ్రమ్‌లే. పెళ్లాడదలచిన స్త్రీని ఒకసారి చూసుకోమని దైవప్రవక్త (సఅసం) హజ్రత్ ముగీరా బిన్ షూబా (రజి)కు సూచించిన మాట నిజమే. చూసుకోవడం వేరు, చేతులు పట్టుకొని వీధిలో నటించడం వేరు.

ఇక నికాహ్ తరువాతి చిత్రాల సంగతి. ఫోటో విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉన్నది. అనుమతించినవారు సైతం పర్దా షరతును విడువలేదు. మా వద్ద చదువుకున్న ఒక అమ్మాయి తండ్రి ఇటీవల ఎంతో దిగులుతో వచ్చారు. ఇంటివారి కోసమని వంతెన వెలుగుల ముందు భర్తతో కలిసి తీయించుకున్న ఆమె చిత్రం, స్టూడియో వారి ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటనగా వచ్చింది. అడిగితే, ఒప్పంద పత్రంలోని సంతకం చూపించారట. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోపై హక్కు, వేరే ఒప్పందం లేనంతవరకు, తీయించుకున్నవారిదేనని 1957 నాటి కాపీరైట్ చట్టం చెబుతోంది. చిక్కంతా ఆ వేరే ఒప్పందంలోనే ఉన్నది. బయానా ఇచ్చే తొందరలో దానిని చదివేదెవరు?

ఈ ఆందోళన హైదరాబాద్‌కు కొత్త కాదు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు లాలా దీన్‌దయాళ్ 1892లోనే పర్దా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. అక్కడ ఫోటోలు తీసే బాధ్యత ఒక ఆంగ్ల మహిళది. గాజు పలకల మీద ఫోటోలు తీసే రోజుల్లో సాధ్యమైన ఏర్పాటు నేడు అసాధ్యమా? నగరంలో మహిళా ఫోటోగ్రాఫర్లు ఉన్నారు, మేడిపల్లి వరకూ వస్తారు.

ఆ తండ్రి రెండవ కుమార్తె నికాహ్ వచ్చే షవ్వాల్‌లో ఉన్నది. ఈసారి ఫోటోలు ఇంట్లోనే, ఒక మహిళే తీస్తారు. ఆల్బమ్‌తోపాటు మెమరీ కార్డు కూడా తమకే అప్పగించాలని, ఏ చిత్రమూ బయట పెట్టరాదని ఆయన ముందే కాగితంపై రాయించుకున్నారు.