ఎగిరేది కాలా, బూటా?

మా బేగంపేటలో నాకు బట్టలు కుట్టే దర్జీ వొకాయన వున్నాడు. అతని కొడుకు మా కాలేజీలోనే చదువుతున్నాడు. లాంగ్‌జంప్ అంటే ప్రాణం. మొన్నొక సాయంకాలం చొక్కాకు కొలతలిస్తూ నిలబడితే, టేపు నా భుజం మీదే వుంచి అడిగాడు:

"సార్, స్పైకు బూట్లు కావాలని మావోడు పానం దీస్తున్నడు. దుకాణం నెల కిరాయంత ధర చెప్తున్నరు. గవి తొడిగితె నిజంగ ఎక్కువ దుంకుతడా?"

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, బూట్ల సంగతి నాకేం తెలుసు? "నాలుగు రోజుల్లో చెబుతానయ్యా" అని బయటపడ్డాను. కాని ఆ పిల్లవాడు నిరుడు అరిగిపోయిన బూట్లతో పరుగెత్తి, పలక మీద జారి, చీలమండ బెణికి పోటీలకే దూరమయ్యాడు. వూరికే నోటికొచ్చింది చెప్పే ప్రశ్న కాదిది. పుస్తకాలు తిరగేశాను. ఆటల మాస్టారిని విసిగించాను.

తీరా చూస్తే మొదటి పాఠం మన సుందరకాండలోనే వుంది! సముద్రం దాటబోయే ముందు హనుమంతుడు మహేంద్రగిరిని పాదాలతో అదిమాడు, కొండ కంపించిపోయింది. నేలను మనం ఎంత గట్టిగా తంతే, నేల మనల్ని అంత గట్టిగా పైకి తోస్తుంది. లాంగ్‌జంప్‌లో పాదం పలక మీద ఆనేది సెకనులో సుమారు ఎనిమిదో వంతు సేపే. ఆ రెప్పపాటులో పాదానికీ నేలకూ మధ్య వున్నది బూటు. అది మరీ మెత్తనిదైతే తన్నులో కొంత దానిలోనే యింకిపోతుంది. జారేదైతే చెప్పనే అక్కర్లేదు. అందుకే జంపు బూటు అడుగు బిగువుగా వుండి, కింద మేకులుంటాయి. హైజంప్ బూటుకైతే మడమ కింద కూడా మేకులే.

మరి బూటే మనిషిని ఎగరేసిన వైనాలు లేవా? వున్నాయి. 1957లో సోవియట్ ఆటగాడు యూరీ స్టెపానోవ్ లావుపాటి అడుగున్న బూటుతో 2.16 మీటర్లు దూకి ప్రపంచ రికార్డు సాధించాడు. గగ్గోలు పుట్టింది. రికార్డు నిలిచింది గాని, అడుగు మందం 13 మిల్లీమీటర్లు దాటరాదని తరువాత నిబంధన వచ్చింది. యిప్పుడు ఆ హద్దు 20 మిల్లీమీటర్లు. 2010లో అమెరికా బాస్కెట్‌బాల్ సంఘం ఎన్‌బీఏ కూడా, ఎగురు పెంచుతాయని ప్రచారమైన బూట్లను నిషేధించింది. తమాషా ఏమిటంటే, వొట్టి కాళ్లతో గాని, వొక కాలికే బూటు తొడిగి గాని దూకడానికి మాత్రం అథ్లెటిక్స్ నిబంధనలు అడ్డు చెప్పవు!

2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన మన తెలంగాణ అమ్మాయి అగసర నందినిది కూడా టీ అమ్మి బతికిన యిల్లే. ఆమె ఆడే హెప్టాథ్లాన్‌లో హైజంప్‌కొక రకం బూటు, లాంగ్‌జంప్‌కొక రకం. పేదయింటికి ఎన్ని జతలో చూడండి!

చొక్కా తెచ్చుకోను వెళ్లినప్పుడు దర్జీతో అన్నాను: "బూటు కొత్త బలం యివ్వదయ్యా. కాలిలో వున్న బలాన్ని పోనివ్వదు. నిరుటిలా జారనివ్వదు."

అతడు సూదిలోకి దారం ఎక్కిస్తూ కాసేపు వూరుకున్నాడు.

"గట్లనా సార్? బట్ట మంచిదైతెనె కుట్టు నిలుస్తది. అట్లని కుట్టకుంట వుంటమా?"

మరునాడు తండ్రీకొడుకులు బూట్ల కోసం బస్సెక్కుతూ కనిపించారు.