అసమాన సంభావ్యతలతో నమూనా గ్రామాల ఎంపిక: కంప్యూటర్ గణనలో పాటించవలసిన జాగ్రత్తలు

పంట ఉత్పత్తిని అంచనా వేసే సర్వేలలో గ్రామాలన్నీ ఒకే పరిమాణంలో ఉండవు. 100 హెక్టార్ల వరి సాగు గల గ్రామానికీ, 400 హెక్టార్లు గల గ్రామానికీ సమాన అవకాశమిస్తే, పెద్ద గ్రామం నమూనాలో చేరడం, చేరకపోవడంపై ఆధారపడి మొత్తం అంచనా విపరీతంగా మారుతుంది. అందువల్ల సాగు విస్తీర్ణానికి అనుపాతంలో ఎంపిక సంభావ్యతను నిర్ణయిస్తారు. భారతీయ గణాంక సంస్థకు చెందిన డి.బి. లాహిరి 1951లో ఇందుకొక సులభమైన ఎంపిక పద్ధతిని సూచించారు.

ఒకసారి ఎంపికైన గ్రామాన్ని మళ్లీ తీసుకోని నమూనాలకు హోర్విట్జ్, థాంప్సన్‌లు 1952లో అంచనా సూత్రాన్ని అందించారు. ప్రతి నమూనా గ్రామపు ఉత్పత్తిని ఆ గ్రామం నమూనాలో చేరే సంభావ్యతతో భాగించి, వచ్చిన విలువలను కూడాలి. భాగించడానికి వాడిన సంభావ్యత, ఎంపికలో నిజంగా అమలైన సంభావ్యత ఒకటే అయినప్పుడే ఈ అంచనా నిష్పాక్షికమవుతుంది.

సాధారణంగా జరిగే పొరపాటు

‘ఆర్’ సాఫ్ట్‌వేర్‌లోని ‘శాంపిల్’ ఫంక్షన్‌కు విస్తీర్ణాలను భారాలుగా ఇస్తే, కోరిన సంభావ్యతలే అమలవుతాయని పలువురు భావిస్తారు. కాని ఆ ఫంక్షన్ గ్రామాలను ఒకదాని తరువాత ఒకటిగా తీస్తూ, ప్రతిసారీ మిగిలినవాటి భారాలను తిరిగి సర్దుతుంది. నాలుగు గ్రామాల నుండి రెండింటిని తీసే సందర్భంలో ఫలితం ఇలా ఉంటుంది.

| గ్రామం | విస్తీర్ణం (హెక్టార్లు) | కోరిన సంభావ్యత | అమలయ్యే సంభావ్యత |
|---|---|---|---|
| అ | 400 | 0.80 | 0.72 |
| ఆ | 300 | 0.60 | 0.61 |
| ఇ | 200 | 0.40 | 0.44 |
| ఈ | 100 | 0.20 | 0.23 |

ఈ గ్రామాలలో హెక్టారు దిగుబడి వరుసగా 5, 4, 3, 2 టన్నులనుకుంటే అసలు ఉత్పత్తి 4000 టన్నులు. కోరిన సంభావ్యతలతో భాగించి లెక్కిస్తే అంచనా సగటున సుమారు 3903 టన్నులే వస్తుంది. సర్వేను ఎన్నిసార్లు జరిపినా ఈ లోటు పూడదు.

సరైన విధానం

‘ఆర్’లోని ‘శాంప్లింగ్’ ప్యాకేజీ ఇందుకు ఉపయోగపడుతుంది. మొదట ‘ఇన్‌క్లూజన్ ప్రాబబిలిటీస్’ ఫంక్షన్‌తో సంభావ్యతలను లెక్కించాలి. ఏదైనా గ్రామానికి విలువ 1 దాటితే, దానిని తప్పనిసరిగా నమూనాలో చేర్చి మిగిలినవాటికి ఈ ఫంక్షనే తిరిగి లెక్కిస్తుంది.

తరువాత ‘యూపీ సిస్టమాటిక్’ ఫంక్షన్‌తో క్రమబద్ధ ఎంపిక చేయవచ్చు. పై ఉదాహరణలో సంచిత మొత్తాలు 0.8, 1.4, 1.8, 2.0. సున్నాకు, ఒకటికి మధ్య వచ్చిన యాదృచ్ఛిక సంఖ్య 0.55 అయితే, 0.55, 1.55 స్థానాలలోని అ, ఇ గ్రామాలు ఎంపికవుతాయి. కోరిన సంభావ్యతలు ఖచ్చితంగా అమలవుతాయి.

అయితే ఈ వరుసలో ఇ, ఈ గ్రామాలు కలిసి ఎన్నడూ ఎంపిక కావు. అటువంటి జంటలున్నప్పుడు విస్తృతిని నిష్పాక్షికంగా అంచనా వేయలేము. ప్రామాణిక దోషం కూడా కావలసినప్పుడు గరిష్ఠ ఎంట్రోపీపై ఆధారపడిన ‘యూపీ మాక్స్ ఎంట్రోపీ’ ఫంక్షన్‌ను ఎంచుకోవడం మేలు. ఇందులో జంట సంభావ్యతలను కూడా లెక్కించవచ్చు.

ఎంపిక పద్ధతిని, ప్రతి గ్రామపు సంభావ్యతను, యాదృచ్ఛిక సంఖ్యల సీడ్ విలువను సర్వే నివేదికలో తప్పక నమోదు చేయాలి. అప్పుడే అదే నమూనాను మరొకరు తిరిగి తీసి, అంచనాను సరిచూడగలుగుతారు.