రంపం కంటే ముందు తాడు

గురువారం హైదరాబాద్ పురానాపూల్ దగ్గరి జుమ్మెరాత్ బజార్‌కు వెళ్తే పాత రంపాలు, సుత్తులు, పానాలు కుప్పలుగా కనిపిస్తాయి. చెట్టెక్కి కొమ్మలు కొట్టే పనిలోకి కొత్తగా దిగే కుర్రాడు అక్కడ బేరమాడి రంపం కొనుక్కోవచ్చు. తాడు, బెల్టు మాత్రం అలా కొనకూడదు. ఎండకు మగ్గిన నైలాన్ తాడు పైకి బాగానే ఉంటుంది. ఎవరు ఎన్నాళ్లు ఎలా వాడారో తెలియని తాడును నమ్మి ముప్పై అడుగుల ఎత్తుకు ఎక్కకూడదు.

రంపం ఎంపికలో ఎక్కువమంది చేసే పొరపాటు వడ్రంగి రంపం తీసుకోవడం. అది ఎండిన చెక్కను బల్లమీద పెట్టి, ఒంటి బరువు మోపి, ముందుకు తోస్తూ కోసేది. పచ్చికొమ్మ తడి పొట్టు దాని సన్నపళ్ల మధ్య ఇరుక్కుని రంపం బిగుసుకుపోతుంది. పైగా చెట్టుమీద తోస్తే మనిషే వెనక్కి జరుగుతాడు. అందుకే కొమ్మలు కోయడానికి లాగినప్పుడు తెగే రంపం కావాలి. అలుగు కాస్త వంపు తిరిగి, పన్నెండు పదమూడు అంగుళాల పొడవు, అంగుళానికి ఐదారు పెద్ద పళ్లు ఉంటే మొదలుపెట్టేవారికి సరిపోతుంది. వంపు వల్ల పళ్లు వాటంతటవే కొమ్మలోకి దిగుతాయి, చేతికి శ్రమ తగ్గుతుంది. చిటికెనవేలంత రెమ్మలకు మడతరంపం చాలు.

పళ్ల అంచులు నల్లగా మాడినట్టున్న రంపాలు వేడితో గట్టిపరిచినవి. చాలాకాలం పదును నిలుస్తుంది కానీ మామూలు ఆకురాయితో సానపట్టడం కుదరదు, అలుగే మార్చాలి. మామూలు ఉక్కు రంపానికైతే మూడు పలకల ఆకురాయి పనిచేస్తుంది. ఏది కొన్నా గట్టి ఒర తప్పనిసరి. ఒర లేని రంపాన్ని నడుముకు చెక్కుకుని ఎక్కితే కాలు జారినప్పుడు మొదట తెగేది తొడే.

ఎక్కే సంగతికొస్తే, తెలంగాణలో ఈ విద్య తెలిసినవారు గీత కార్మికులు. తరతరాలుగా మోకుతాడు, ముత్తాదు వంటి సాధనాలతోనే తాటిచెట్లెక్కుతున్నారు. జారిపడి చనిపోయినవారు, నడుం విరిగి మంచాన పడ్డవారు వారిలో చాలామంది. ఆ బాధ తగ్గించడానికే రాష్ట్ర ప్రభుత్వం 2024 జులై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో 'కాటమయ్య రక్షణ కవచం' కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. పట్టు తప్పినా మనిషి కిందపడకుండా ఆపడమే వాటి పని.

అయితే తాటిచెట్టుకు కొమ్మలుండవు, మోకు పైదాకా జరుగుతూ పోతుంది. పాతబస్తీ ఇళ్ల వాకిళ్లలోని వేపకో చింతకో అలా కుదరదు. ప్రతి కొమ్మ దగ్గరా తాడు విప్పి పైన మళ్లీ వేయాలి. ప్రమాదం పొంచి ఉండేది ఆ క్షణంలోనే. కాబట్టి రెండు కట్లుండాలి: పైకొమ్మ మీదుగా వచ్చే ఎక్కుడుతాడు ఒకటి, నడుం నుంచి మానుచుట్టూ తిరిగే పొట్టితాడు ఒకటి. రెండోది బిగిశాకే మొదటిది విప్పాలి. కోసేటప్పుడు రెండూ ఉండాల్సిందే, ఎందుకంటే బరువుతో బిగిసి ఉన్న తాడుకు రంపం పన్ను ఒక్కసారి తగిలినా చాలు, తెగిపోతుంది.

కొనాల్సినవాటిలో మొదటిది తొడలకూ నడుముకూ పట్టే హార్నెస్. దానిమీద ఐఎస్ 3521 గుర్తు, హెల్మెట్‌మీద ఐఎస్ 2925 గుర్తు చూడాలి. హెల్మెట్‌కు గడ్డంపట్టీ లేకపోతే తల వంచగానే ఊడిపోతుంది. తాడు 11 నుంచి 13 మిల్లీమీటర్ల మందం, ఎక్కువగా సాగని రకం కావాలి. కొక్కేలు తాళం పడేవై, మీద కనీసం 22 కిలోన్యూటన్లని రాసి ఉండాలి. అంటే రెండు టన్నులకు పైబడిన బరువు. ఇసుక బస్తాలు పైకి లాగే తాడు ఇందుకు పనికిరాదు. ఇనుప ముళ్ల బూట్లు కూడా వద్దు. అవి బతికున్న చెట్టు బెరడుకు తూట్లు పొడుస్తాయి.

కొమ్మను ఒక్క కోతతో పైనుంచి తెగ్గొడితే అది విరుగుతూ మాను బెరడును చీల్చుకుపోతుంది. ముందు మానుకు అడుగు దూరంలో కిందినుంచి కొంత, తర్వాత దానికి కాస్త అవతల పైనుంచి పూర్తిగా కోయాలి. మిగిలిన మోడును కొమ్మ మొదట్లోని ఉబ్బుకు ఆనుకుని, ఆ ఉబ్బుకు గాయం కాకుండా తీయాలి. గాయాన్ని పూడ్చుకునే శక్తి అక్కడే ఉంటుందని అమెరికా వృక్షశాస్త్రవేత్త అలెక్స్ షైగో వివరించారు. ఈ శ్రద్ధకు చెట్లు తగినవే. 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరదలో సుమారు 150 మంది ప్రాణాలు కాపాడిన చింతచెట్టు అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోదే.

ఇరుకు గల్లీల్లో కొమ్మల మధ్యనుంచే కరెంటు తీగలు పోతుంటాయి. పచ్చికొమ్మ తీగకు తగిలితే షాక్ కొడుతుంది. సరఫరా ఆపించకుండా, కింద తోడుగా ఒక మనిషి లేకుండా ఎవరూ చెట్టెక్కవద్దు. చెట్టును మొత్తంగా తీసేయాలంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) కింద ముందే అనుమతి తీసుకోవాలి.