గ్రహాంతరవాసుల మాట

ఇతర గ్రహాలవాళ్ళు ఏ భాష మాట్లాడతారు? చాలా అమెరికన్ సినిమాల్లో వాళ్ళు చక్కగా ఇంగ్లీషే మాట్లాడేస్తారు! ప్రేక్షకులకు కథ అర్థం కావాలి గదా. కాని అందులో తమాషా ఏమున్నది?

1982లో వచ్చిన "స్టార్ ట్రెక్" రెండవ చిత్రంలో వల్కన్ జాతివాళ్ళు ఇద్దరు మాట్లాడుకునే ఘట్టం ఉన్నది. దాన్ని ముందు ఇంగ్లీషులోనే తీసేశారు. తరవాత, వాళ్ళు సొంత భాషలో మాట్లాడితే బాగుండునని తోచింది. మార్క్ ఓక్రాండ్ అనే భాషాశాస్త్రవేత్త వాళ్ళ పెదవుల కదలికలకు సరిపడేలాగా కొత్త మాటలు కల్పించాడు. నటులు వాటిని మళ్ళీ పలికారు. అర్థం తెర అడుగున అక్షరాల్లో వేశారు.

1984లో మూడవ చిత్రానికి ఆయనే క్లింగన్ జాతి భాషను వ్యాకరణంతో సహా తయారుచేశాడు. "రాముడు పండు తిన్నాడు" అని మనం అంటాం. క్లింగన్ భాష వరస, "పండు తిన్నాడు రాముడు." తెలుగులో ఇలా అన్నా ఫరవాలేదు. ఇదే వరసను ఇంగ్లీషులో పెడితే పండే రాముణ్ణి తిన్నట్టవుతుంది!

ఈ భాషకు 1985లో నిఘంటువు కూడా వచ్చింది. చిత్రం తీసేటప్పుడు నటులు నోరు తిరగక తప్పు పలికితే, ఓక్రాండ్ ఒక్కొక్కప్పుడు ఆ తప్పునే ఒప్పు చేసి భాషలో కలుపుకున్నాడు. మీ తెలుగు మేష్టారు ఇందుకు ఒప్పుకుంటారా?