తెలుగులో పలికిన దొంగ

తిరువళ్ళూరులో ఉదయము పూట చెన్నై బండి ఎక్కువారిలో మేమొకరము. ఇరవై ఏండ్లుగా ఆఫీసులో కాగితములు సరిచూచుటయే మా పని. సంతకము లేని రశీదు, తేదీ తప్పిన బిల్లు మా కంట పడక పోవు. అటువంటి మా యింటనే మేనత్తగారి సొమ్ము సెల్‌ఫోను దారిన పోయినది. ఆ సంగతి మన కుటుంబములకు తెలియజేయుట మంచిదని తోచి ఆమెను అడిగినాము. "నా పేరు మాత్రం వేయబాకురా, మిగతా అంతా రాయి" అన్నది.

అత్తగారికి 78 ఏండ్లు. కాపురము తిరుత్తణిలో, కొండ కనుపించే వీధిలో. 1960 ఏప్రిల్ 1వ తేదీన మద్రాసు రాష్ట్రములో చేరువరకు తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనిది. ఆమె పలకపై అక్షరములు దిద్దినది ఆ చిత్తూరు రోజులలోనే. తెలుగు చదువగలదు, తమిళము మాట్లాడగలదు, ఇంగ్లీషు మాత్రము ఎవరైనా చదివి చెప్పవలెను. మన యిండ్లలో ఇట్టి పెద్దలు ఎందరో గలరు. ఇంట ఒక భాష, అంగడిలో ఒక భాష, బ్యాంకులో వేరొక భాష. ఫోనులోనికి వచ్చే ముఖ్యమైన కబురు ఆ మూడవ భాషలోనే వచ్చుట వాడుక.

ఒకనాటి సాయంకాలము ఆమె ఫోనుకు ఇంగ్లీషులో ఒక సందేశము వచ్చినది. ప్రక్కింటి పిల్ల చదివి చెప్పినది. కిందటి నెల కరెంటు బిల్లు కట్టినట్లు లెక్కలో లేదట, ఆ రాత్రి 9-30 గంటలకు కరెంటు తీసివేయుదురట, ఫలానా నెంబరుకు మాట్లాడవలెనట. ఈ పాటము 2022 ప్రాంతమున దేశమంతటా తిరిగినదే. మన వైపు మీటరు లెక్క రెండు నెలలకొకసారి గదా, 'కిందటి నెల బిల్లు' ఎక్కడిది అని మీటరు కార్డు తీసి చూచియుంటే అక్కడనే తేలిపోయేది. చీకటిలో కూర్చోవలెనన్న భయములో కార్డు ఎవరికి గుర్తు వచ్చును?

అవతలివాడు మొదట తమిళములో మాట్లాడినాడు. అత్తగారి యాస పట్టుకొని, "అమ్మా, తెలుగువాళ్ళా మీరు? మాదీ చిత్తూరు దగ్గరే" అన్నాడు. అంతే, ఆమెకు ప్రాణము లేచి వచ్చినది. ఆఫీసు మనిషి ఒకడు తెలుగులో పలుకరించి ఎన్నాళ్ళయినదో! పెద్దవారు, ఆఫీసుకు రానక్కరలేదు, ఇంట కూర్చుండియే సరిచేయుదును, పది రూపాయలు కట్టితే చాలునన్నాడు. ఫోనులో ఒక యాప్ వేయించినాడు. అది వేసినచో మన ఫోను తెర మీద కనుపించేదంతయు ఎక్కడో కూర్చున్నవానికి కనుపించును. పది రూపాయలకని ఆమె నొక్కిన ప్రతి అంకె వాడు చూచినాడు. రెండు విడతలుగా 23,400 రూపాయలు పోయినవి. కరెంటు మాత్రము పోలేదు.

అసలు నష్టము ఇంతతో ఆగియుండేది. కాని ఆమె ఎవరికీ చెప్పలేదు. మూడవనాడు మేము చూడబోయినప్పుడు, కాఫీ చేతికిచ్చుచు, "ఏమిరా నాయనా, బ్యాంకులో డబ్బు పొరబాటున పోతే మళ్ళీ వస్తుందా?" అని అడిగినది. మేము సంగతి రాబట్టి, మొదట చేసిన పని కేకలు వేయుట. "తెలుగులో మాట్లాడినాడురా. దొంగ అని ఎట్లా అనుకొనేది?" అని ఆమె కన్నీళ్ళు పెట్టుకొన్నది. ఈ కేకలకు వెరచియే గదా రెండు దినములు దాచినది అని మాకు తరువాత తట్టినది. చెప్పుకొనుటకు సిగ్గుగా నున్నది గాని, ఆ నష్టములో మా వంతు కొంత కలదు.

కేంద్ర ప్రభుత్వమువారి 1930 నెంబరుకు అప్పుడు ఫోను చేసినాము. 2021 ఏప్రిల్‌లో 155260 అను నెంబరుతో ఆరంభమైన ఈ ఏర్పాటు తరువాత 1930కి మారినది. దొంగిలించిన సొమ్ము ఒక ఖాతాలో నిలువదు. ఒకదానినుండి మరొకదానికి పరుగెత్తి, చివరకు ఎక్కడో చేతికి అందును. మనము వెంటనే చెప్పినచో ఆయా బ్యాంకులవారు దారిలో దానిని పట్టి నిలుపగలరు. గంటలు గడిచిన కొలది దారి మూసుకొనిపోవును. మేము మూడవనాడు మేలుకొన్నందున 6,000 మాత్రము పట్టుబడి, నాలుగు నెలలకు ఖాతాలో పడినది. 1930 వారు ఇచ్చిన నెంబరుతో సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను చోట ఫిర్యాదు పూర్తిచేసి, బ్యాంకుకు వ్రాసి ఇచ్చి, రశీదు పుచ్చుకొన్నాము. ఈ రశీదు విలువైనది. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారము, ఖాతాదారు తానే రహస్యపు అంకెలు ఇచ్చిన సందర్భములో, బ్యాంకుకు తెలుపువరకు జరిగిన నష్టము అతనిది. తెలిపిన తరువాత పోయినది బ్యాంకుది.

అటు తరువాత బంధువుల యిండ్లలో విచారించగా, ఈ దొంగలకు వేషములు చాల ఉన్నవని తెలిసినది. అన్నింటిలోను పెండ్లి శుభలేఖ వేషము మనవారికి మిక్కిలి ప్రమాదకరము. వాట్సాప్‌లో శుభలేఖ వచ్చును. మాఘమాసములో ఎవరిదని అడిగెదరు, తెరచి చూతురు గాని! శుభలేఖ యనగా బొమ్మగా రావలెను. దాని పేరు చివర 'ఏపీకే' అని ఉన్నచో అది శుభలేఖ కాదు, ఫోనులో దిగి కూర్చుండి బ్యాంకునుండి వచ్చే ఓటీపీలను దొంగకు చేరవేసే యాప్. పంపినవారు బంధువులే కావచ్చును. వారి ఫోను ముందే దొంగల పాలై యుండును.

రెండవది పోలీసు వేషము. మీ పేరున మత్తుమందు పార్సెలు పట్టుబడినది, వీడియో ముందునుండి కదలరాదు, ఇంట ఎవరికీ చెప్పరాదు అని బెదరించుట. 'డిజిటల్ అరెస్టు' అనునది చట్టములోనే లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబరు 27న రేడియోలో చెప్పినారు. ఇంట చెప్పవద్దన్నవాడు ఏ యూనిఫారములో నున్నను దొంగయే.

తిరుమలకు పోవువారు గదుల కొరకు వెదకునప్పుడు దేవస్థానము పేరుతోనే దొంగ వెబ్‌సైట్లు ఎదురగును. దేవస్థానమువారి అసలు చిరునామా 2024 జనవరిలో మారినది. ఇప్పుడది టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. ఇక ఫోను ద్వారా డబ్బు పుచ్చుకొనుటకు పిన్ నెంబరు అక్కరలేదు, ఇచ్చుటకే కావలెను. ఈ ఒక్క ముక్క చీరల వ్యాపారము చేసుకొనే మా బంధువొకరికి తెలియక పది వేలు పోయినవి.

మా యింట ఇప్పుడు కొన్ని ఏర్పాట్లు చేసినాము. అత్తగారి పింఛను ఖాతాను ఫోనునుండి విడదీసి, ఫోనుకు వేరొక చిన్న ఖాతా కలిపినాము. అందులో రెండు వేలకు మించి ఉంచము. ఆధార్ వేలిముద్రలకు తాళము వేయించినాము. సంచార్ సాథీ అను ప్రభుత్వపు చోట ఆమె పేరున ఎన్ని సిమ్ములు ఉన్నవో చూచినాము. ఒకటే ఉన్నది, బ్రతికినాము. 1930 అను అంకెలను క్యాలెండరు మీద లావుగా వ్రాసి పెట్టినాము. ఎవరి డబ్బు పోయినను ఆనాడు ఎవరూ కేకలు వేయరాదని కూడ అనుకొన్నాము. ఇది మా కొరకు పెట్టుకొన్న షరతు.

కిందటి నెల అత్తగారికి మరల ఒక ఫోను వచ్చినది. బ్యాంకునుండియట, కార్డు ఆగిపోవునట. మాట చక్కని తెలుగు. "ఏ ఊరు నాయనా మీది?" అని అడిగినది. తిరుపతి అన్నాడు. "అట్లయితే తిరుత్తణి మీదుగానే గదా వచ్చేది పోయేది. ఇంటికి రా, కాఫీ ఇస్తాను, కార్డు చూపిస్తాను" అన్నది. అవతల ఫోను పెట్టివేసినారు.