ఇడ్లీ పిండికి కొరియాలో చుట్టం

"కిమ్చిని కూడా మన ఆవకాయలాగే ఉప్పూ కారం పట్టించి పెడతారు కదా. అది నాలుగు రోజులకే పులిసి బుడగలు కక్కుతుందేం? మా ఆవకాయ జాడీలో ఏడాదైనా ఒక్క బుడగ రాదేం?" బాపట్ల జిల్లా రామాపురం నుంచి ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది. దీని వెంట పడ్డాను.

ముందు కిమ్చి పుట్టిన కొరియా భోజనం గురించి రెండు ముక్కలు. అన్నం, ఒక చారు, చుట్టూ చిన్న గిన్నెల్లో బాంచన్ అనే నంజుకునే పదార్థాలు. రుచికి ఆధారం సోయా గింజల్ని పులియబెట్టిన దోయెంజాంగ్, కారం కలిసిన గోచుజాంగ్. కిమ్చి అంటే ఒక్క క్యాబేజీదే కాదు. ముల్లంగి ముక్కలతో కక్‌దుగి, దోసకాయల్లో కారం కూరి ఓయి సోబాగి, యోసు వైపు ఆవాకుతో గాత్ కిమ్చి, ఎర్రకారం లేకుండా నీళ్లనీళ్లగా ఉండే దోంగ్‌చిమి కూడా ఉన్నాయి. చలికాలం ముందు ఇరుగూ పొరుగూ కూడి కిమ్చి పెట్టుకునే కిమ్జాంగ్‌ను యునెస్కో 2013లో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. కిమ్చి మనకు మరీ దూరపు వస్తువు కూడా కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలయ్యాక ఆ దారిలో కొరియన్ హోటళ్లు వెలిశాయి.

ఇక అసలు సంగతి. ఆవకాయ, కిమ్చి చూడ్డానికి అక్కాచెల్లెళ్లు. పని తీరులో మాత్రం పక్కా వైరులు. ఆవకాయలో మనం సూక్ష్మజీవుల మీద నాలుగు వైపుల నుంచీ దాడి చేస్తాం. మామిడి పులుపు, దండిగా ఉప్పు, ఆవపిండి ఘాటు, పైన గాలి తగలకుండా నూనె. ఇన్నిటి మధ్య ఏ బ్యాక్టీరియా సంసారం చేస్తుంది? కిమ్చిలో తుది ఉప్పు రెండు మూడు శాతమే. ఆ కాస్త ఉప్పుకే ఆకు నీరు వదులుతుంది, కుళ్లబెట్టే రకాలు చాలావరకు నీరసిస్తాయి, ఉప్పును ఓర్చుకునే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా లేచి కూర్చుంటాయి. ఎవరూ తోడు వేయరు. ఆకు మీదా వెల్లుల్లి మీదా ఉన్నవే చాలు.

ముందుగా రంగంలోకి దిగేది ల్యూకోనోస్టాక్ అనే ప్రజాతి. దీని మీద నాకు పక్షపాతం ఉందని ఒప్పుకుంటున్నాను. మిగతా లాక్టిక్ బ్యాక్టీరియాలో చాలా రకాలు ఒక గ్లూకోజ్ అణువును చీల్చి రెండు లాక్టిక్ ఆమ్ల అణువులు చేసి ఊరుకుంటాయి. ఇది అలా కాదు. ఒక లాక్టిక్ ఆమ్లం, ఒక ఆల్కహాల్, ఒక కార్బన్ డయాక్సైడ్ చేస్తుంది. పాఠకురాలు చూసిన బుడగ ఆ కార్బన్ డయాక్సైడే. ఆ వాయువు అక్కడున్న ఆక్సిజన్‌ను బయటికి నెట్టేసి బూజుకు ఊపిరాడకుండా చేస్తుంది. పైగా ఫ్రక్టోజ్‌ను మానిటాల్‌గా మార్చి నాలుకకు చల్లని తీపి తగిలిస్తుంది. పాపం, తాను చేసిన పులుపును తానే తట్టుకోలేదు. పీహెచ్ నాలుగు వైపు జారేకొద్దీ తగ్గిపోతుంది, మరింత పులుపును ఓర్చే లాక్టోబాసిల్లస్ బంధువర్గం ఇల్లు ఆక్రమిస్తుంది. (2020లో ఆ లాక్టోబాసిల్లస్‌ను పాతిక ప్రజాతులుగా విడగొట్టి కొత్త పేర్లు పెట్టారు. నోరు తిరగని ఆ పేర్లు ఇక్కడ రాయను.) బాగా పుల్లబడ్డ కిమ్చిని కొరియా వాళ్లు పారేయరు, కిమ్చి జిగే అనే పులుసు కాస్తారు, మనం పులిసిన పిండితో పునుగులు వేసుకున్నట్టు.

ఈ వరస మార్పును క్యాబేజీలో పట్టుకున్నది కొరియా వాళ్లు కాదు. జర్మన్ల పుల్ల క్యాబేజీ మీద పనిచేసిన అమెరికా శాస్త్రవేత్త కార్ల్ పెడర్సన్ 1930లోనే దీన్ని వివరించారు. నాకు ముచ్చటగా అనిపించేది ఆ తర్వాతి కథ. ఇడ్లీ పిండి పొంగడం ఈస్ట్ పనేనని చాలామంది అనుకునేవారు. రొట్టె చూసిన కళ్లకు అలాగే కనిపిస్తుంది మరి. 1965లో ముఖర్జీ, స్టైన్‌క్రాస్ తదితరులు వెలువరించిన పరిశోధన ఆ పొంగు ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ వల్లేనని తేల్చింది. ఆ బృందంలో అదే పెడర్సన్ ఉన్నారు! రాత్రి రుబ్బి పెట్టిన పిండిలో మినప్పప్పు జిగురు పట్టి ఉంచేది ఈ బ్యాక్టీరియా వదిలిన వాయువునే. కాబట్టి రామాపురంలో కిమ్చికి అసలైన చుట్టం ఆవకాయ జాడీలో లేదు, ఇడ్లీ పిండి గిన్నెలో ఉంది.

పాత్ర సంగతీ చెప్పాలి. మన జాడీకి నున్నటి పింగాణీ పూత ఉంటుంది, దాంట్లోంచి ఏదీ పోదు, రాదు. కొరియా మట్టికుండ ఓంగీకి సన్నని రంధ్రాలు ఉంటాయి. అందులోంచి కార్బన్ డయాక్సైడ్ మెల్లగా బయటికి పోతుందనీ, గాజు సీసాలో కంటే లాక్టిక్ బ్యాక్టీరియా బాగా పెరుగుతుందనీ జార్జియా టెక్ పరిశోధకులు 2023లో కొలిచి చూపించారు.

ఈ బ్యాక్టీరియా లేని కిమ్చి కూడా ఒకటుంది. 2008లో కొరియా తొలి వ్యోమగామి యీ సో-యెన్ అంతరిక్షానికి కిమ్చి పట్టుకెళ్లారు. శాస్త్రవేత్తలు ముందే రేడియేషన్‌తో అందులోని బ్యాక్టీరియా మొత్తాన్ని చంపి పంపారు. భద్రత కోసం తప్పదు, నిజమే. కానీ చచ్చిన కిమ్చి నా లెక్కలో క్యాబేజీ కూరే.

ఆరోగ్యానికి ఉపయోగాల గురించి అడుగుతారని తెలుసు. 2003లో సార్స్ వచ్చినప్పుడు కిమ్చి తినేవాళ్లకు అది రాదని ప్రచారం నడిచింది, దానికి రుజువు లేదు. ఇప్పుడు కిమ్చి పేరుతో వెనిగర్ పోసిన క్యాబేజీ కూడా అమ్ముతున్నారు, అందులో పులియడమే ఉండదు. ఇంట్లో పెట్టుకోదలిస్తే మన తీరపు ఎండలకు ఒక రోజు బయట ఉంచితే చాలు, తర్వాత ఫ్రిజ్‌లో పెట్టండి. సీసా అంచుదాకా నింపకండి, మూత బిర్రుగా బిగించకండి.